పాతిపెట్టిన ఆకలి

రండి, రండి. అరుగు మీద ఇంకా చోటుంది, ముందుకి జరిగి కూర్చోండి. ఒరే, ఆ గోడకి ఆనుకున్నవాళ్లు కూడా దగ్గరికి రండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. కరెంటు ఎలాగూ పోయింది, లెక్కలు రేపు చేసుకుందాం.

దెయ్యం కథ కావాలన్నారు కదా, చెబుతాను. అయితే ఇందులో శ్మశానం లేదు, తెల్లచీర లేదు, అర్ధరాత్రి అసలే లేదు. ఎండ నడినెత్తి మీద ఉన్నప్పుడు, ఊరంతా అన్నాలకి కూర్చునే వేళ జరిగిన సంగతి ఇది. భయం వేస్తే పక్కవాడి చెయ్యి పట్టుకోండి. ముందు ఆ చెయ్యి వాడిదే అని చూసుకోండి.

చీపురుపల్లికి ఇవతల ఒక ఊళ్లో గంగరాజు అని వంటమేస్త్రి ఉండేవాడు. పెళ్లయినా, పెద్దకార్యమైనా, గృహప్రవేశమైనా గాడిపొయ్యి తవ్వించి గరిటె పట్టాడంటే మూడు వందల మందికి మధ్యాహ్నం పన్నెండుకల్లా ఆకులో అన్నం పడాల్సిందే. పనసపొట్టు కూర అతను వండితే ఆ ఆవ ఘాటుకి పక్కవీధి వాళ్లు కూడా ముక్కు ఎగబీల్చేవారు. వండటం ఎంత ఇష్టమో తినడం అంత ఇష్టం. నలభై ఒకటో ఏట రైసుమిల్లు కాటా మీద నిలబడితే నూట నలభై రెండు కిలోలు తూగాడు. మామూలు తూకం యంత్రం అతన్ని తూచలేక ముల్లు చివరికంటా పోయి ఆగిపోయేది. వరసైనవాళ్లు ఊరుకుంటారా? "ఒరే బావా, నీ నీడలో రెండు మేకల్ని కట్టుకోవచ్చురా" అనేవారు. అందరికంటే ముందు గంగరాజే నవ్వేవాడు. నవ్వితే ఆయాసం వచ్చేది.

అతన్ని అంత చేసింది అతని తల్లి మరిడమ్మ. ఆమెను తప్పు పట్టకండి. గంగరాజుకి ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు పాలు చాలక, మందు అందక, ఏడాది నిండకుండానే పోయారు. మూడోవాడు బతికాడు. ఇక ఈ ఇంట్లో ఆకలితో ఎవరూ పడుకోకూడదని ఆమె అప్పుడే అనుకుంది. కొడుక్కి పెళ్లయి, గడ్డం నెరిసినా, మధ్యాహ్నం అతను తినేసి లేస్తుంటే భుజం నొక్కి కూర్చోబెట్టి, "ఇంకో ముద్ద, నాయినా" అని తన కంచంలోది కలిపి పెట్టేది. అతను నోరు తెరిచేవాడు. ఆ తల్లికి అదే నిద్రమాత్ర.

ఆ ఒళ్లు మోయడం మోకాళ్ల వల్ల కాలేదు. షుగరు వచ్చింది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేది. భార్య అనూరాధ పక్కన కూర్చుని, ఊపిరి ఆగినప్పుడల్లా కుదిపి లేపేది. పగలంతా ఇద్దరికీ కళ్లు కూరుకుపోయేవి. రాగిజావ తాగాడు, పొద్దున్నే చెరకుతోటల దాకా నడిచాడు. పది కిలోలు తగ్గేవాడు, మళ్లీ పదిహేను పెరిగేవాడు. ఒక పెళ్లిలో గంజి వారుస్తుండగా కాళ్లు మడతపడి పొయ్యి పక్కనే కూలబడ్డాడు. మరిగే గంజి అతని మొహానికి జానెడు దూరంలో పారింది. ఆ రోజు ఇంటికొచ్చి గరిటె కడిగి గోడకి తగిలించాడు. తర్వాత అనూరాధతో, కడుపు కోయించుకుంటాను అన్నాడు.

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. మన కడుపు ఒక సంచి అనుకోండి. మీ పుస్తకాల సంచిలా కాదు, సాగే సంచి. అందులో నాలుగింట మూడు వంతులు కోసి తీసేస్తారు. మిగిలింది అరటికాయంత గొట్టం. ఇక మూడు చెంచాలు తింటే నిండిపోతుంది. "ఆకలి పుట్టించేది చాలావరకు ఆ కోసేసే భాగంలోనే ఉంటుందయ్యా. కొన్నాళ్లు నీకు ఆకలే తెలీదు" అన్నాడు డాక్టరు.

మరిడమ్మ వద్దంది. ఏడవలేదు, అరవలేదు. గుమ్మంలో కూర్చుని ఒకే మాట అంది. "అది నీ కడుపేట్రా? నాను నింపిన కడుపు."

అయినా గంగరాజు వెళ్లాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. అయ్యాక, తీసినదాన్ని ఇంటివాళ్లకి చూపించడం కొన్ని చోట్ల అలవాటు. డాక్టరు తలుపు దగ్గరికి వచ్చి స్టీలు పళ్లెంలో చూపించాడు. నీళ్లు పిండి పడేసిన తడిగుడ్డలా, లేత గులాబీ రంగులో ఉంది. అనూరాధ కళ్లు మూసుకుంది. మరిడమ్మ మాత్రం వంగి చూసింది. ఇక్కడే, పిల్లలూ, ఆ తల్లి ఒక తప్పు చేసింది.

ఆసుపత్రిలో అలాంటివి కాల్చేస్తారని ఎవరో చెప్పారు. బతికున్నవాడి ఒంట్లో ముక్కని ఎలా కాలుస్తారు? ఆమె పుట్టి పెరిగిన ఊళ్లో చెయ్యి తెగినా, వేలు తెగినా సొంత మట్టిలోనే పాతిపెట్టేవారు. వార్డులో పనిచేసే ఆమెను పట్టుకుని బతిమాలింది. గెడ్డం పట్టుకుంది, కాళ్లు పట్టుకుంది. చివరికి తెచ్చుకున్న క్యారేజీలో అడుగుగిన్నె ఖాళీ చేసి, అందులో పెట్టించుకుంది. మర్నాడు పాసింజరు ఎక్కి, ఆ క్యారేజీ ఒళ్లో పెట్టుకుని, పైట కప్పి ఊరికి తెచ్చింది. ఎదురు కూర్చున్నవాళ్లు, "ఏటి తెత్తన్నావే పిన్నీ, వాసన్రాకుండా అంత మూసేసినావు?" అని అడిగితే, "మా బాబు అన్నం" అంది.

పెరట్లో మునగచెట్టు వెనక, గంగరాజు పుట్టినప్పుడు బొడ్డుతాడుతో పాటు వచ్చిన మావి పాతిన చోటే దాన్నీ పాతింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ఆమె ఆగలేకపోయింది. ఆకలంతా అందులోనే ఉందని డాక్టరు చెప్పాడు. ఆకలితో ఉన్నదాన్ని మట్టిలో పెట్టి తను ఎలా తింటుంది? మూడో రోజు మిట్టమధ్యాహ్నం ఆకు వేసి, పప్పూ అన్నం కలిపి, ఆ మట్టి మీద పెట్టి, "తిను నాయినా" అంది.

చచ్చినవాళ్లకి పెడితే సాగనంపినట్టు. బతికున్నదానికి పెడితే పిలిచినట్టు. ఆ తేడా మన పెద్దవాళ్లకి తెలుసు. కానీ సగం బతికున్నదానికి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు ఆమెకి.

అయిదో రోజున గంగరాజు ఇంటికి వచ్చాడు. అతనికి ఇదేమీ తెలియదు.

కోలుకోవడమంటే ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. చిన్న మందుమూత కొలతగా నీళ్లు, చప్పరిస్తూ, చప్పరిస్తూ. మళ్లీ కాసేపటికి ఇంకో మూత. రెండు వారాలు పప్పుకట్టు, పల్చటి మజ్జిగ, డబ్బాలో పొడి కలిపిన నీళ్లు. తర్వాత మెత్తగా మెదిపినది, మూడంటే మూడు చెంచాలు. ఒక్క గుక్క తొందరపడితే గుండెల్లో రాయి పడినట్టుండేది, నోట్లో నురగ వచ్చేది. పొట్ట మీద అయిదు చిన్న గాట్లు. వసారాలో ఇటునుంచి అటు నడవాలి, అటునుంచి ఇటు నడవాలి. కూర్చుంటే లేవబుద్ధి కాదు, లేస్తే నడవబుద్ధి కాదు. దువ్వెనకి జుట్టు ఊడి వచ్చేది. చేతుల కింద చర్మం ఖాళీ గోనెసంచిలా వేలాడేది. కాటా మీద అంకె తగ్గుతుంటే సంతోషించాలని తెలుసు. సంతోషించడానికి కూడా ఓపిక కావాలి కదా.

ఇక ఆకలి... ఆకలి లేదు. పొయ్యి మీద పోపు వేగుతుంటే పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. గడియారం చూసి తినేవాడు. నలభై ఏళ్లు తనతో కూడా ఉన్నవాడెవడో చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్లిపోయినట్టు అనిపించేది.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం. అనూరాధ బట్టలు ఉతకడానికి బోరు దగ్గరికి వెళ్లింది. గంగరాజు వసారాలో మంచం మీద పడుకున్నాడు. బయట ఎండ తెల్లగా మండుతోంది. కాకి కూడా అరవడం లేదు. పెరటివైపు నుంచి ఒక వాసన వచ్చింది. తడిమట్టి, పులిసిన మజ్జిగ, ఆ రెండింటి కింద ఇంకేదో, పచ్చి వాసన. తర్వాత చప్పుడు.

ఎవరో తింటున్నారు.

నెమ్మదిగా, ఇష్టంగా, బుగ్గ నిండా పెట్టుకుని. ప్రతి నాలుగోసారి నమిలినప్పుడూ ఎడమ దవడ దగ్గర చిన్నగా 'టిక్' మని ఒక శబ్దం. గంగరాజు చెయ్యి దానంతటదే తన దవడ మీదికి వెళ్లింది. చిన్నప్పుడు తాటిదూలం మీంచి పడితే ఆ ఎముక జారింది. అప్పటినుంచి నమిలితే అలా శబ్దం వస్తుంది. ఆ ఊళ్లో అలా నమిలేవాడు అతనొక్కడే.

గోడ పట్టుకుని లేచాడు. పెరటి తలుపు సందులోంచి చూశాడు.

మునగచెట్టు వెనక మరిడమ్మ గొంతుక్కూర్చుని ఉంది. ముందు అరిటాకు. ఒక చేత్తో విసనకర్రతో ఈగలు తోలుతోంది. రెండో చేత్తో ముద్ద చేసి, ఎదర గాలిలోకి, నోటి ఎత్తుకి పట్టుకుంది. అక్కడ ఎవరూ లేరు. చెయ్యి వెనక్కి వచ్చేసరికి ముద్ద లేదు. వేళ్లు తడిగా మెరుస్తున్నాయి.

"ఇంకో ముద్ద, నాయినా" అంటోంది.

గంగరాజు చేతికింద తలుపు కిర్రుమంది. ఆమె ఇటు తిరిగి కొడుకుని చూసింది. దొరికిపోయినదానిలా లేదు. అలసిపోయినదానిలా ఉంది.

"నువ్వు తినవు కదరా" అంది మెల్లగా. "ఆడు తింటన్నాడు."

ఆ సాయంత్రం మొత్తం చెప్పింది. క్యారేజీ, రైలు, మావి పాతిన చోటు, అన్నీ. మొదటి రోజు ఆకు అలాగే ఉండిపోయిందట. రెండో రోజు ఒక పక్కన తిన్నట్టుందట, పిల్లులేమో అనుకుందట. నాలుగో రోజుకి ఆకు కడిగినట్టు ఉంది. ఇప్పుడు శేరు బియ్యం చాలడం లేదట. తనకి పెట్టుకున్నది కూడా పెట్టేస్తోందట. గంగరాజు అప్పుడు చూశాడు తల్లిని. మెడకింద ఎముకల గుంటల్లో నీళ్లు నిలిచేలా ఉన్నాయి. తను చిక్కుతున్నాడని ఊరంతా తనవంకే చూసింది. పక్కన ఇంకొకరు చిక్కుతున్నారని ఎవరూ చూడలేదు.

ఆపెయ్యమ్మా అన్నాడు. అనూరాధ ఇంకో అడుగు ముందుకేసి, మర్నాడు పెరటి తలుపుకి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. పన్నెండు దాటాక అనూరాధ వడ్డించడానికి అన్నం గిన్నె మూత తీసింది. గిన్నె ఖాళీ. మెతుకు లేదు. అడుగున మాడు కూడా నాకేసినట్టు శుభ్రంగా ఉంది. మూత లోపలివైపు మాత్రం ఆవిరి చుక్కలు ఇంకా వేడిగానే ఉన్నాయి.

"అత్తా, నువ్వేనా తీసింది?" అని గుసగుసగా అడిగింది.

మరిడమ్మ తల అడ్డంగా ఊపింది. సాయంత్రం అనూరాధే తాళం తీసేసింది.

అలా రెండు నెలలు గడిచాయి. ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. జ్వరం పడ్డ మనిషి ఇంట్లో ఉన్నట్టు అందరూ మెల్లగా నడిచేవారు, మెల్లగా గిన్నెలు దించేవారు. నాలుగో నెలలో గంగరాజుకి పని వచ్చింది. గజపతినగరంలో గృహప్రవేశం, రెండు వందల మంది. ఒప్పుకున్నాడు. నాలుగు గోడల మధ్య ఆ నమిలే చప్పుడు వినడం కంటే ఎర్రటి ఎండలో పొయ్యి దగ్గర నిలబడడమే మేలనిపించింది. తల్లిని ఒంటరిగా వదలడానికి మనసొప్పక, బియ్యం కడగడానికని వెంట తీసుకెళ్లాడు. అంత దూరం ఏదీ రాదులే అనుకున్నాడు.

రుచి చూడ్డానికి చిన్న చెంచా చాలు కదా, వంట బాగానే కుదిరింది. పన్నెండున్నరకి మొదటి బంతి కూర్చుంది. రెండో బంతి లేచేసరికి అన్నం సగం ఉండాలి. గుండిగలోకి చూస్తే అడుగు కనిపిస్తోంది. గంగరాజు ఇరవై ఏళ్లలో ఎప్పుడూ లెక్క తప్పలేదు. వడ్డించేవాళ్లని పిలిచి అడిగాడు. ఒకడు, "ఆ చివరాకు ఉన్నాది కదన్నా... ఎంతేసినా అయిపోతన్నాది. ఎవులు కూకున్నారో మాకు అవుపడ్నేదు" అన్నాడు.

షామియానా చివర, గోడవారన, ఒక ఆకు. వెనక మనిషి లేడు. ఆకు మీద అన్నం కుప్పలో వేళ్లతో తవ్వినట్టు గుంట పడుతోంది. పడుతోంది... తగ్గుతోంది. పప్పు గీతలు గీతలుగా తుడుచుకుపోతోంది. బంతిలో ఇంకెవరికీ వినబడని చప్పుడు గంగరాజుకి వినబడింది. టిక్.

ఆ ఆకు ముందు మరిడమ్మ వంగి, తనకోసం పక్కన పెట్టుకున్న పెరుగన్నం అందులో వేస్తోంది. వేసింది. నడుం ఎత్తబోయింది. అలాగే ముందుకి ఒరిగిపోయింది.

గంగరాజు పరుగెత్తి ఎత్తుకున్నాడు. అయిదు నెలల కిందట తన ఒళ్లు తానే లేపలేనివాడు తల్లిని రెండు చేతుల్లో లేపాడు. ఎండు కంపల మోపులా ఉంది. అతని చెవి దగ్గర నోరు పెట్టి ఆమె అంది. "నా కంచంలోది అయిపోయిందిరా. ఇప్పుడు ఒంట్లోది అడుగుతన్నాడు. పెట్టకపోతే... తల్లినెలాగవుతాన్రా?"

ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. డాక్టరమ్మ, ముసలామెకి తిండి పెట్టడం లేదా అని అనూరాధని కోప్పడింది. అనూరాధ అత్త కాళ్ల మీద దుప్పటి సర్దింది.

మర్నాడు గంగరాజు ఒక్కడే ఇంటికి వచ్చాడు. ఆమె ప్రాణం ఎన్ని రోజుల తిండో అతనికి తెలిసిపోయింది. రెండు రోజులో, మూడు రోజులో. పన్నెండు అయింది. మునగచెట్టు వెనక అరిటాకు వేశాడు. మెదిపిన పప్పన్నం, తన కొలత, మూడే చెంచాలు పెట్టాడు. ఇటువైపు తను కూర్చున్నాడు.

ఎండ. నిశ్శబ్దం. తడిమట్టి వాసన.

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత ఆకు కొస కొంచెం వంగింది... ఎవరో మోకాలు ఆనించినట్టు.

గంగరాజు ఎదురుగా చూడలేకపోయాడు. ఆకువంకే చూస్తూ అన్నాడు. "అమ్మ దగ్గరకెల్లకు. ఆవిడ దగ్గర ఇంకేటీ నేదు. నువ్వు నావోడివి. నా దగ్గరికి రా."

ఆకు కొస మళ్లీ పైకి లేచింది.

ఎడమ చెవి పక్కన వెచ్చటి ఊపిరి తగిలింది. పులిసిన వాసన. అది ఎదురుగా లేదు. పక్కకి వచ్చింది. ఒక బరువు, పెద్ద బరువు, అతని భుజానికి భుజం ఆనించి కూర్చుంది. మట్టిలో అణిగిన గుర్తు కూడా పడింది. గంగరాజు కళ్లు మూసుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు.

అప్పుడు... అతని నోట్లో నీళ్లూరాయి.

నాలుగు నెలల తర్వాత మొదటిసారి. తర్వాత పొట్టలో, ఆ అరటికాయంత గొట్టంలో, నూట నలభై రెండు కిలోల మనిషి ఆకలంతా ఒక్కసారి లేచింది. ఆకులో ఉన్న మూడు చెంచాలూ తిన్నాడు. నిండిపోయింది. ఇంకో మెతుకు పట్టదు. ఆకలి మాత్రం అలాగే ఉంది. మట్టి పిడికిట్లో పట్టుకుని, సాయంత్రం దాకా అక్కడే కూర్చుని ఏడ్చాడు.

వారానికి మరిడమ్మ లేచి కూర్చుంది. గంజి తాగింది, తర్వాత అన్నం తింది, ఆమె బుగ్గలకి రంగు వచ్చింది. ఇంటికొచ్చిన రోజే పెరట్లోకి వెళ్లి ఆకు వేసింది. ఆకు సాయంత్రం దాకా కదలలేదు, చీమలు పట్టాయి. "ఆడు ఎలిపోనాడేట్రా?" అని అడిగింది. ఎలిపోనాడమ్మా అన్నాడు గంగరాజు. ఆమె ఊపిరి పీల్చుకుంది. కొంచెం బెంగపడ్డట్టు కూడా ఉంది.

గంగరాజు ఎప్పటిలాగే మూడు చెంచాలు తినేవాడు. బయటికి ఏమీ చెప్పలేదు. తూకం మాత్రం తగ్గుతూ పోయింది. తొంభై. డెబ్బై. యాభై ఎనిమిది. ఊళ్లో వాళ్లు, ఆపరేషనంటే ఇదీ అని మెచ్చుకునేవారు. ఎక్కడ చేయించావో చెప్పమని అడిగేవారు. అతను గోడకి ఆనుకుని చెప్పేవాడు. నిలబడి చెప్పే ఓపిక లేదు.

అనూరాధ బలవంతం చేసి మళ్లీ విశాఖపట్నం తీసుకెళ్లింది. లోపల ఎలా ఉందో చూడ్డానికి ఒక పరీక్ష ఉంది. తెల్లటి మందునీళ్లు తాగిస్తారు, అది గొంతులోంచి ఎటు పోతోందో టీవీ లాంటి తెర మీద కనిపిస్తుంది. గంగరాజుని నిలబెట్టారు. అద్దం వెనక డాక్టరు పక్కన అనూరాధ. ఒక గుక్క తాగాడు. తెల్లటి గీత గొంతులోంచి దిగింది, గొట్టం నిండింది. అంతా సరిగ్గానే ఉందమ్మా అన్నాడు డాక్టరు. ఇంకో గుక్క తాగమన్నాడు.

ఆ గుక్క గొట్టం చివరికి వెళ్లింది. అక్కడ ఆగలేదు. గంగరాజు పక్కటెముకల గీత దాటింది. చర్మం గీత దాటింది. ఒంటి బయట, ఎడమ పక్కన, ఖాళీగా ఉండాల్సిన చోట... నెమ్మదిగా నింపుకుంటూ, గుండ్రంగా, మెడ లేకుండా, అతనికంటే రెండింతల వెడల్పుగా ఒక ఆకారం తెల్లబడుతూ వచ్చింది.

డాక్టరు మీట నొక్కి తెర ఆపేశాడు. మిషను పాడయిందన్నాడు. ఇంకేమీ అడగొద్దన్నట్టు చీటీ కూడా రాయకుండా వెళ్లిపోయాడు.

అనూరాధ లోపలికి వచ్చేసరికి గంగరాజు చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. ఆమె మొహం చూడగానే అర్థమైపోయింది అతనికి.

"నువ్వు సూసినావా?"

ఆమె తలూపింది.

"మా అమ్మకి సెప్పకు" అన్నాడు గంగరాజు. "ఆవిడికి తెలిస్తే మల్లీ ఆకేస్తాది."

అంతే. ఇక లేవండి. తర్వాతేమైందని నన్నడక్కండి, అంతవరకే నాకు తెలుసు. చీకటి పడిపోయింది, మీ అమ్మలు గుమ్మాల్లో నిలబడి ఉంటారు. ఇద్దరిద్దరు కలిసి నడవండి. కాళ్లు కడుక్కుని, పెట్టింది తినండి, చాలంటే చాలని చెప్పండి. మీ అమ్మ తిందో లేదో కూడా అడగండి. పోండి, అన్నాలు చల్లారిపోతాయి.